పేరే తొలి వ్యాఖ్యానం: ఉపగ్రహ చిత్రాల్లోని అజ్ఞాత నిర్మాణాల అధ్యయనం

వ్యాససంగ్రహం

ఎవరు, ఎప్పుడు, ఎందుకు నిర్మించారో తెలియని కట్టడాలు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించినప్పుడు వాటికి మొదట దక్కేది ఒక పేరు. తవ్వకం, కాలనిర్ణయం చాలా ఏళ్ళ తర్వాత జరుగుతాయి. ఆ నడిమి కాలంలో ఆకారాన్ని బట్టి పెట్టిన పేరే వివరణగా చలామణి అవుతుంది. అరేబియా ఎడారిలోని 'గాలిపటాలు', 'గేట్లు', కజకిస్తాన్‌లోని 'స్వస్తిక' ప్రధాన ఉదాహరణలుగా ఈ పరిణామాన్ని పరిశీలించి, స్థానికుల నోట నిలిచిన పేర్లకు ఈ అధ్యయనంలో ఉండవలసిన స్థానాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: ఉపగ్రహ చిత్రం, భూచిత్రం, స్థలనామం, కాలనిర్ణయం, పాఠపరిష్కరణ, బృహచ్ఛిలా సమాధులు, బూడిద దిబ్బలు.

ఉపోద్ఘాతం

1921లో బ్రిటిష్ రాజ వైమానిక దళం కైరో, బాగ్దాద్ నగరాల మధ్య టపా విమానాలు నడపడం ప్రారంభించింది. ఆ దారిలో నేటి జోర్డాన్ తూర్పు భాగాన నల్లరాతి ఎడారి ఉంది. అగ్నిపర్వతాలు కక్కిన లావా గడ్డకట్టి, పగిలి, రాళ్ళుగా పరుచుకున్న నేల అది. నేలమీద వెళ్ళేవాడికి ఆ రాళ్ళ మధ్య అక్కడక్కడా మోకాలెత్తు గోడలు తప్ప ఏమీ కనిపించవు. విమాన చోదకులకు మాత్రం ఆ గోడలే కిలోమీటర్ల పొడవున సాగి, ఒకదానికొకటి దగ్గరవుతూ వచ్చి, ఒక ఆవరణలో కలిసిపోవడం కనిపించింది. తోకలు వేలాడే గాలిపటాల్లా ఉన్నాయని వాటిని 'కైట్స్' అన్నారు. శాస్త్రగ్రంథాల్లో ఈనాటికీ అదే పేరు. వీటిని గురించి ఫ్లైట్ లెఫ్టినెంట్ పెర్సీ మెయిట్లండ్ 1927లో, ఆ ఏడాదే మొదలైన 'యాంటిక్విటీ' పత్రికలో వ్యాసం రాశాడు. ఆ వ్యాసం శీర్షికలో గాలిపటం ప్రసక్తి లేదు. అక్కడి బెదూయిన్లు వాటిని పిలుచుకునే మాటనే ఆయన శీర్షికగా గ్రహించాడు. తెలుగులో దాన్ని 'పాతవాళ్ళ పనులు' అని చెప్పుకోవచ్చు.

ఒకే కట్టడానికి రెండు పేర్లు. ఒకటి ఆకాశం నుంచి చూసినవాడు పెట్టినది, రెండోది నేలమీద బతికేవాడు తరతరాలుగా చెప్పుకుంటున్నది. మొదటిది ఆకారాన్ని చెబుతుంది, కర్త గురించి గానీ కాలం గురించి గానీ ఏమీ చెప్పదు. రెండోది ఆకారం ఊసెత్తదు, కానీ రెండు సంగతులు చెబుతుంది: ఇవి ప్రకృతి చేసినవి కావు, మనుషుల చేతిపని, ఆ మనుషులు మాకంటే ముందువాళ్ళు. చారిత్రక సమాచారం దృష్ట్యా చూస్తే రెండో పేరే బరువైనది. అయినా పరిశోధన లోకంలో స్థిరపడింది మొదటి పేరు. ఈ వ్యాసం ఆ వైరుధ్యం దగ్గర మొదలవుతుంది.

పురావస్తు శాస్త్రానికి చెందిన విషయంలో తెలుగు శాఖకు చెందిన వ్యాసకర్త జోక్యం చేసుకోవడమేమిటని సందేహం రావచ్చు. పేరుకూ స్థలానికీ ఉన్న సంబంధం తెలుగు పరిశోధనకు కొత్త కాదు. కడప జిల్లా ఊళ్ళ పేర్లపై ఆచార్య కేతు విశ్వనాథరెడ్డి చేసిన పరిశోధన మొదలుకొని స్థలనామ అధ్యయనం మనకొక పటిష్ఠమైన శాఖగా ఎదిగింది. ఊరి పేరులో చరిత్ర ఎలా దాగి ఉంటుందో, తప్పుడు వ్యుత్పత్తి చరిత్రను ఎలా దారి తప్పిస్తుందో ఆ శాఖలో పనిచేసినవారికి తెలుసు. 2005లో గూగుల్ ఎర్త్, 2009లో భారత అంతరిక్ష పరిశోధన సంస్థ రూపొందించిన భువన్ అందుబాటులోకి వచ్చిన తర్వాత భూమండలంలోని ప్రతి మూలకూ బల్ల ముందు కూర్చున్నవాడు కొత్త పేరు పెట్టగలుగుతున్నాడు. స్థలనామ పరిశోధకులు పట్టించుకోవలసిన పరిణామమిది.

గాలిపటం నుంచి వేట ఉచ్చు దాకా

గాలిపటాల ప్రయోజనమేమిటన్న ప్రశ్నకు తొలి తరం పరిశీలకుల్లో ఏకాభిప్రాయం లేదు. కోటలన్నవారున్నారు, పశువుల దొడ్లన్నవారున్నారు, వేట కోసం కట్టినవన్నవారున్నారు. సైనికుడికి గోడ కనబడితే రక్షణ గుర్తుకు రావడం సహజమే. చూసేవాడి వృత్తి వ్యాఖ్యానంలోకి ప్రవేశించడం ఈ అధ్యయనంలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే లక్షణం.

ఇక్కడ ఆసక్తికరమైన విషయం ఏమంటే, ఈ వివాదాన్ని తేల్చగల సాక్ష్యం అప్పటికే అచ్చులో ఉంది. స్విట్జర్లాండ్‌కు చెందిన యాత్రికుడు యోహాన్ లుడ్విగ్ బుర్క్‌హార్ట్ 1817లో మరణించాడు. బెదూయిన్ల జీవితంపై ఆయన రాసుకున్న విషయాలు 1830 ప్రాంతంలో లండన్‌లో గ్రంథరూపం పొందాయి. సిరియాలో జింకలను వేటాడే పద్ధతి ఒకటి అందులో ఉంది. జింకలు నీళ్ళకు వచ్చే చోట అవి దూకలేనంత ఎత్తు గోడలతో ఆవరణ కడతారు. గోడలో అక్కడక్కడా కావాలనే సందులు వదిలి, ప్రతి సందు వెలుపలా లోతైన గొయ్యి తవ్వుతారు. మందను లోపలికి తోలి బెదరగొడితే, తప్పించుకోబోయి సందులోంచి దూకిన జింకలు గోతుల్లో పడతాయి. పైలట్లు విమానం ఎక్కడానికి దాదాపు తొంభై ఏళ్ళ ముందు అచ్చయిన పుస్తకమిది. ఆకాశం నుంచి చూసినవారికి రహస్యమైనది, గ్రంథాలయంలో కూర్చున్నవారికి రహస్యం కాకపోయి ఉండవచ్చు. సాహిత్య విద్యార్థికి ఇది కాస్త గర్వం కలిగించే సందర్భమే. అయితే దాన్ని అతిగా లాగకూడదు. పందొమ్మిదో శతాబ్దపు వేట పద్ధతి వేల ఏళ్ళ నాటి కట్టడానికి అన్వయిస్తుందని నిరూపించడానికి పుస్తకం చాలదు.

ఆ నిరూపణ నేలమీదే జరిగింది. ఫ్రెంచి పరిశోధకులు రెమీ క్రసార్, ఒలివియే బార్జ్ తదితరులు 'గ్లోబల్‌కైట్స్' పథకం కింద ఉపగ్రహ చిత్రాల ఆధారంగా అరేబియా నుంచి కాస్పియన్, అరల్ సముద్ర ప్రాంతాల దాకా ఆరు వేలకు పైగా గాలిపటాలను నమోదు చేశారు. ఈ విస్తృతిని ఉపగ్రహం లేకుండా ఊహించడం కూడా సాధ్యం కాదు. కానీ ప్రయోజనాన్ని తేల్చింది ఉపగ్రహం కాదు. ఆవరణ అంచుల్లో చిన్న గుండ్రటి గదుల్లా చిత్రంలో కనిపించిన వాటిని తవ్వి చూస్తే అవి నాలుగు మీటర్ల దాకా లోతున్న గోతులని తేలింది. వేల ఏళ్ళ ఇసుక, మట్టి నిండి అవి పైనుంచి చదునుగా కనిపించాయి. పైచూపుకు లోతు అందదు. గాలిపటాన్ని ఉచ్చుగా మార్చిన ఆధారం సరిగ్గా ఆ లోతులోనే ఉంది.

2023లో ఇదే బృందం 'ప్లాస్ వన్' పత్రికలో ప్రకటించిన అంశం ఈ చర్చను మరో మలుపు తిప్పింది. జోర్డాన్‌లోని జిబాల్ అల్-ఖషాబియే ప్రాంతంలో సుమారు 80 సెంటీమీటర్ల పొడవున్న రాతి మీద, సౌదీ అరేబియాలోని జెబెల్ అజ్-జిల్లియాత్ ప్రాంతంలో నాలుగు మీటర్లకు కొంచెం తక్కువ పొడవున్న రాతిబండ మీద గాలిపటాల నమూనాలు చెక్కి ఉన్నాయి. మొదటిది సుమారు 7000 ఏళ్ళ నాటిది, రెండోది సుమారు 8000 ఏళ్ళ నాటిది. ఇవి ఊరికే గీసిన బొమ్మలు కావు. సమీపంలోని అసలు కట్టడాలతో పోల్చి లెక్కగడితే, మొదటి రాతిలో సుమారు 1:425, రెండో దానిలో సుమారు 1:175 నిష్పత్తిలో కొలతకు తగ్గట్టు గీసిన ప్రణాళికలని తేలింది. నేలమీద నిలబడి ఏకకాలంలో చూడలేని ఆకారాన్ని ఆ నిర్మాతలు మనసులో పైనుంచి చూడగలిగారు. 'ఆకాశం నుంచి మాత్రమే కనిపిస్తుంది కాబట్టి ఆకాశంలోని వారి కోసమే కట్టారు' అని జనరంజక గ్రంథాలు తరచుగా చేసే వాదానికి ఈ రెండు రాళ్ళూ చెప్పిన సమాధానం నిశ్శబ్దమైనదే కానీ తిరుగులేనిది.

'గేటు' అనే మాట

గాలిపటాల కథలో పేరు అమాయకమైనది. కట్టడం గాలిలో ఎగురుతుందని ఎవరూ అనుకోరు కాబట్టి ఆ పేరు వల్ల పెద్ద హాని జరగలేదు. 'గేటు' విషయం అటువంటిది కాదు.

పశ్చిమ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ కెనడీ 2011లో గూగుల్ ఎర్త్ చిత్రాల సహాయంతో సౌదీ అరేబియాలోని జెద్దా ప్రాంతంలో 1977 సంభావ్య పురావస్తు స్థలాలను గుర్తించాడు. అప్పటికి ఆయన ఆ దేశంలో క్షేత్రపరిశోధన చేసినవాడు కాదు. 2017లో హర్రత్ ఖైబర్ అనే లావా క్షేత్రంలో సుమారు 400 పొడవాటి దీర్ఘచతురస్రాకార కట్టడాలను గురించి ఆయన ప్రకటించాడు. రెండు సమాంతర గోడలు, వాటిని కలుపుతూ చివర్లలో అడ్డుగోడలు. పాశ్చాత్య దేశాల పొలాలకు ఉండే అడ్డపట్టెల గేటును నేలమీద పరిచినట్టు కనబడింది గనుక 'గేట్స్' అన్నాడు. పోలిక ఆకారానికి మాత్రమే పరిమితమని ఆయన ఉద్దేశం. వార్తాపత్రికలకు చేరేసరికి అవి రహస్య ద్వారాలయ్యాయి. ద్వారం అన్నాక ఎక్కడికో ఒక చోటికి దారి తీయాలి కదా! ఆ తర్వాతి ఊహలను ఇక్కడ ఏకరువు పెట్టనక్కర లేదు. 'గేటు'ను మనం 'ద్వారం' అని అనువదిస్తే అర్థం మరింత దూరం జరుగుతుంది. తెలుగులో ద్వారానికి మోక్షద్వారం దాకా అర్థఛాయలున్నాయి, పొలం గేటుకు అవేవీ లేవు.

తర్వాతి పరిశోధకులు ఈ పేరును వదిలేశారు. అరబ్బీలో దీర్ఘచతురస్రమని అర్థమిచ్చే 'ముస్తతీల్' అనే మాటను స్వీకరించారు. ఇదీ ఆకారవాచకమే, అయితే ప్రయోజనాన్ని ముందుగా సూచించదు. నేల భాషలోని మాట కావడం మరో సుగుణం. హ్యూ థామస్, మెలిస్సా కెనడీ తదితరులు 2021లో 'యాంటిక్విటీ'లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం వాయవ్య అరేబియాలో వెయ్యికి పైగా ముస్తతీల్‌లున్నాయి. వాటిలో కొన్నిటి పొడవు 500 మీటర్లు దాటుతుంది. అల్-ఉలా ప్రాంతంలో ఒకదాన్ని తవ్వినప్పుడు, ఒక చివరనున్న చిన్న గదిలో పశువుల కొమ్ములు, పుర్రె భాగాలు దొరికాయి. వాటి రేడియోకార్బన్ కాలం క్రీ.పూ. 5300-5000 మధ్య. 2023లో ప్రకటితమైన మరో తవ్వకంలో నిలువురాయి చుట్టూ ఆవులు, మేకలు, జింకల తలభాగాలకు చెందిన 260 వరకు ముక్కలు లభించాయి. శరీరంలోని ఇతర భాగాల ఎముకలు లేకుండా కొమ్ములు, పుర్రెలే ఎంపిక చేసి అర్పించడాన్ని బట్టి ఇది పూజాస్థలమన్న నిర్ధారణకు వచ్చారు.

ఈజిప్టు పిరమిడ్ల కంటే రెండు వేల ఏళ్ళకు పైగా పూర్వపు పూజాస్థలాలు నాలుగేళ్ళ పాటు ప్రపంచానికి 'గేట్లు'గా తెలిశాయి. ఇందులో కెనడీని తప్పుపట్టవలసిన అవసరం లేదు. వాటి ఉనికిని పరిశోధకుల దృష్టికి తెచ్చినవారిలో ఆయన ముందున్నాడు. అయితే ఆకారవాచకంగా పెట్టిన పేరు ప్రయోజనవాచకంగా మారడాన్ని ఏ పరిశోధకుడూ ఆపలేడన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. పేరు పెట్టిన క్షణంలోనే అది చేయి దాటిపోతుంది.

మూడు చేతుల స్వస్తిక

2007లో కజకిస్తాన్‌లోని కోస్తనాయ్ పట్టణానికి చెందిన దిమిత్రి దేయ్ పిరమిడ్ల మీద వచ్చిన ఒక టీవీ కార్యక్రమం చూసి, తమ ప్రాంతంలోనూ అటువంటివి ఉంటాయేమోనని గూగుల్ ఎర్త్‌లో వెదకడం మొదలుపెట్టాడు. వృత్తిరీత్యా ఆయన అర్థశాస్త్రవేత్త. పిరమిడ్లు కనబడలేదు. తుర్గాయ్ ప్రాంతపు గడ్డినేలల్లో 101 మట్టిదిబ్బలతో ఏర్పడిన ఒక పెద్ద చతురస్రం కనబడింది. దాని మూలల నుంచి మూలలకు దిబ్బల వరుసలు అడ్డంగా సాగి మధ్యలో ఖండించుకుంటున్నాయి. దాన్ని ఉష్తొగాయ్ చతురస్రమంటున్నారు. తర్వాతి ఏళ్ళలో వలయాలు, శిలువ ఆకారాలు, గీతలు వంటివి మొత్తం 260 వరకు నమోదయ్యాయి. 2015లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కొన్నిటి చిత్రాలను విడుదల చేసిన తర్వాత ఇవి ప్రపంచ వార్తలయ్యాయి.

వీటిలో భారతీయ పాఠకులను వెంటనే ఆకర్షించేది 'తుర్గాయ్ స్వస్తిక'. పేరు వినగానే మన మనసులో ఒక చరిత్ర సిద్ధమైపోతుంది: గడ్డినేలలు, అశ్వాలు, ఆర్యుల వలసలు. అనుకూలంగానో ప్రతికూలంగానో వాదించడానికి సరంజామా చేతికందుతుంది. చిత్రాన్ని నిదానంగా చూస్తే ఆ ఆకారానికి ఉన్నవి మూడు చేతులు. మూడు చేతుల చుట్టుగుర్తులు అనేక సంస్కృతుల్లో ఉన్నాయి. స్వస్తికకు ఉండవలసినవి నాలుగు. నాలుగో చేతిని చిత్రం ఇవ్వలేదు, పేరు ఇచ్చింది. ఒక పద్యంలో లేని పాదాన్ని టీకాకారుడు ఊహించి పూరించడం వంటిదే ఇది.

కాలం విషయంలోనూ ఇటువంటి ఒత్తిడి కనిపిస్తుంది. ఆ ప్రాంతంలో నవీన శిలాయుగపు మహంజార్ సంస్కృతి ఉండేది. ఆ సామీప్యాన్ని ఆధారం చేసుకుని కట్టడాలకు 8000 ఏళ్ళ ప్రాచీనతను సూచించిన అభిప్రాయం బాగా ప్రచారమైంది. లిథువేనియాకు చెందిన పురావస్తువేత్త గియెద్రె మొతుజైతె మతుజెవిచ్యూతె, కోస్తనాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంద్రే లోగ్విన్, ఇరీనా షెవ్నినాలతో కలిసి మట్టి నమూనాలను పరీక్షించింది. ఇసుక రేణువులకు చివరిసారి ఎండ తగిలి ఎంతకాలమైందో లెక్కగట్టే దీప్తి పద్ధతిని అనుసరించారు. ఒక దిబ్బకు లభించిన కాలం సుమారు క్రీ.పూ. 800. కొన్ని ఇతర నమూనాలు మధ్యయుగాల నాటివని తేలింది. ఎనిమిది వేల ఏళ్ళు ఒక్క పరీక్షతో మూడు వేలకు దిగివచ్చింది. తవ్విన రెండు దిబ్బల్లో సమాధులేవీ లేవు. ఆమె మరో మాట కూడా అన్నది. వీటిని భూచిత్రాలు అనడానికి ఆమె సందేహించింది, ఎందుకంటే చిత్రమన్న మాట కళను సూచిస్తుంది, వీటికి వేరే ప్రయోజనం ఉండి ఉండవచ్చు. మన చర్చకు ఈ సందేహమే అన్నిటికంటే విలువైనది. ఏమిటో తెలియనిదాన్ని ఏమని పిలవకూడదో తెలుసుకోవడం పరిశోధనలో తొలి మెట్టు.

ఈలోగా 2015లో 'కోగా శిలువ' అని పిలిచే కట్టడంలో చాలా భాగం రోడ్డు పనుల్లో ధ్వంసమైంది. అధికారులకు ముందే సమాచారమిచ్చామని దేయ్ వాపోయాడు. ఆ దిబ్బలు ఏనాటివో, ఎందుకు పోసినవో తేలకముందే పలుగులు దిగాయి. వ్యాఖ్యానం పండితుల వినోదం కాదనడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

నిన్నటి గుర్తులు

ప్రాచీనత కోసం వెదికే కంటికి ప్రతిదీ ప్రాచీనంగానే కనబడుతుంది. 2011లో చైనాలోని గోబీ ఎడారిలో, దున్‌హువాంగ్ పరిసరాల్లో, మెలికలు తిరిగే తెల్లటి గీతల అల్లికలు ఉపగ్రహ చిత్రాల్లో కనబడి కలకలం రేపాయి. అవి గూఢచారి ఉపగ్రహాల కెమెరాలను సరిచూసుకోవడానికి వేసిన గుర్తులు కావచ్చునని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ హిల్ వివరించాడు. ఆ వివరణకు బలం చేకూర్చే నిదర్శనం ఆయన సొంత రాష్ట్రంలోనే ఉంది. కాసా గ్రాండే పట్టణం చుట్టూ ఎడారిలో 1960ల నాటి కాంక్రీటు శిలువ గుర్తులు మైలు దూరానికొకటి చొప్పున నేటికీ మిగిలి ఉన్నాయి. అమెరికా 'కొరోనా' గూఢచారి ఉపగ్రహాల చిత్రాలను సరిచూడడానికి వేసినవవి. వాటి కథ తెలియనివాడికి అరవై ఏళ్ళలోనే అవి రహస్య కట్టడాలయ్యాయి.

2016లో కెనడాకు చెందిన ఒక బడి పిల్లవాడు మాయా నగరాల అమరికకూ నక్షత్రరాశులకూ పొంతన ఉందని భావించి, ఒక నక్షత్రం సూచించే చోట అడవిలో చతురస్రాకారాన్ని ఉపగ్రహ చిత్రంలో చూపించాడు. లుప్తనగరం దొరికిందని వార్తలు గుప్పుమన్నాయి. మాయా నిపుణులు అది పంట వేయక వదిలేసిన చేను లాంటిదేనని చెప్పారు. పిల్లవాడి ఉత్సాహాన్ని హేళన చేయడం భావ్యం కాదు. చేను కూడా మనిషి గీసిన ఆకారమేనని గుర్తించకుండా వార్త రాసిన పెద్దల తొందరపాటే విచారించదగినది. రెండేళ్ళ తర్వాత గ్వాటెమాలా అడవుల మీద విమానాల నుంచి లేజరు కిరణాలతో జరిపిన సర్వేలో 60 వేలకు పైగా మాయా కట్టడాలు వెలుగుచూశాయి. వాటిలో కొన్నిటిని పరిశోధకులు నేలమీద నడిచి సరిచూసుకున్నారు. నిజమైన ఆవిష్కరణ ఊహ కంటే పెద్దదైంది.

సేతువు

తెలుగు పాఠకులకు ఈ చర్చలో మొదట గుర్తుకు వచ్చేది రామసేతువే. పాంబన్ దీవికీ శ్రీలంకలోని మన్నార్ దీవికీ నడుమ సుమారు 48 కిలోమీటర్ల మేర ఇసుకదిబ్బలు, సున్నపురాతి మెట్టల వరుస ఉంది. 2002లో నాసా చిత్రాన్ని చూపి, ఇది 17.5 లక్షల ఏళ్ళ నాటి మానవనిర్మిత వంతెనగా రుజువైందన్న ప్రచారం సాగింది. చిత్రాలు తమవే గానీ ఆ వ్యాఖ్యానం తమది కాదని, కక్ష్య నుంచి తీసిన చిత్రాలు ఒక దీవుల వరుస పుట్టుకను గానీ వయస్సును గానీ మానవ ప్రమేయాన్ని గానీ తేల్చలేవని ఆ సంస్థ వివరణ ఇచ్చింది. ఆ వివరణకు ప్రచారంలో వందో వంతు వ్యాప్తి కూడా దక్కలేదు.

ఇది విశ్వాసానికి సంబంధించిన చర్చ కాదు. రామాయణ విశ్వాసం ఉపగ్రహం పుట్టకముందు వేల ఏళ్ళు నిలిచింది, దానికి ఉపగ్రహ సాక్ష్యం అక్కరలేదు. ఇక్కడ గమనించవలసింది పేర్ల మహిమ. పాశ్చాత్యులు పెట్టిన 'ఆదాము వంతెన', మనం పిలిచే 'రామసేతువు' అనే రెండు పేర్లూ నిర్మాణాన్ని, ఒక వ్యక్తినీ ముందే సిద్ధం చేసి పెడుతున్నాయి. పైగా సంస్కృతంలో 'సేతు' శబ్దానికి కట్ట, గట్టు, ఆనకట్ట, వంతెన అనే అర్థాలన్నీ ఉన్నాయి. నేటి తెలుగువాడికి వంతెన అర్థమొక్కటే ముందుకు వస్తుంది. చిత్రంలో వెదికిందీ దాన్నే. చిత్రం చూసి పేరు పెట్టలేదు, పేరు చదివి చిత్రాన్ని చూశారు.

ప్రతి, పాఠాంతరం

తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఉపగ్రహ చిత్రాన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. అది మూలం కాదు, మూలానికి ఒక ప్రతి. ఏ ఋతువులో, ఏ పూట, ఏ కోణంలో తీసినదో దాన్నిబట్టి పాఠం మారుతుంది. ఉదయపు నీడలో స్పష్టంగా కనిపించిన గట్టు మధ్యాహ్నపు చిత్రంలో మాయమవుతుంది. వానల తర్వాత పూడిన కందకం మీద పైరు ఏపుగా పెరిగి గీతగా కనబడుతుంది, ఎండాకాలంలో ఆ గీత ఉండదు. 1972లో ప్రయోగించిన తొలి లాండ్‌శాట్ చిత్రాల్లో ఒక్కో బిందువు సుమారు 80 మీటర్ల నేలకు సమానం. వంద మీటర్ల కట్టడం అందులో రెండు మూడు చుక్కలకు మించదు. లేఖకుడి చేతిరాతను ఎరగనివాడు పాఠాన్ని నిర్ణయించలేనట్లే, పరికరం పరిమితి ఎరగనివాడు చిత్రాన్ని వ్యాఖ్యానించలేడు.

పాత ప్రతిలో కొత్త ప్రతి పోగొట్టుకున్న పాఠం ఉండవచ్చునన్న సూత్రం ఇక్కడ అక్షరాలా నిజమైంది. కొరోనా ఉపగ్రహాలు 1960 నుంచి 1972 వరకు తీసిన చిత్రాలను అమెరికా ప్రభుత్వం 1995లో బహిరంగం చేసింది. హార్వర్డ్ పురావస్తువేత్త జేసన్ ఉర్ వాటి సహాయంతో ఈశాన్య సిరియాలో, ప్రాచీన జనావాసాల దిబ్బల చుట్టూ చక్రపు ఆకుల్లా విస్తరించిన పల్లపు గీతలను గుర్తించాడు. క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో మనుషులు, మందలు నడిచి నడిచి అరిగిన బాటలవి. తర్వాతి దశాబ్దాల్లో ట్రాక్టర్ల సేద్యం, కాలువలు, కొత్త కట్టడాలు వాటిలో అనేకాన్ని చెరిపేశాయి. ఇవాళ్టి స్పష్టమైన చిత్రం కంటే గూఢచారి తీసిన ఆ నలుపు తెలుపు చిత్రమే శ్రేష్ఠమైన ప్రతి. ఒక్క చిత్రాన్ని పట్టుకుని సిద్ధాంతం చేయడం ఏకప్రతి ఆధారంగా కావ్యకర్తృత్వం తేల్చడం వంటిదే.

పాలమూరు నేల మీద

తెలుగు నేల మీద బృహచ్ఛిలాయుగపు సమాధులను పల్లెజనం రాకాసి గుళ్ళంటారు. నాలుగు బండలు నిలబెట్టి పైన మరో బండ కప్పిన ఈ కట్టడాలు ఖమ్మం వైపు జానంపేట పరిసరాల్లో విస్తారంగా ఉన్నాయి. బెదూయిన్ల 'పాతవాళ్ళ పనులు' పక్కన ఈ పేరును పెట్టి చూస్తే భేదం తెలుస్తుంది. బెదూయిన్లు వాటిని మనుషుల పనిగానే గుర్తుంచుకున్నారు. మనవాళ్ళు ఆ బండల బరువు చూసి కర్తృత్వాన్ని మనుషులకు అతీతమైన వారికి అప్పగించారు. కానీ 'గుడి' అన్న భాగం వ్యర్థం కాదు. గది వంటి ఆకారాన్ని, దాని జోలికి పోరాదన్న భయభక్తులను రెంటినీ అది నిలుపుకుంది. నారాయణపేట జిల్లా ముడుమాల్ గ్రామంలో కృష్ణానది ఒడ్డున నిలిచిన శిలల్లో ఒకదాన్ని గ్రామస్థులు 'నిలురాళ్ళ తిమ్మప్ప'గా కొలుస్తారు. ఆ శిలలను హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆచార్యులు కె.పి. రావు దీర్ఘకాలం అధ్యయనం చేశారు. 2025లో ఆ స్థలం యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. పరిశోధకుల కంటే ముందు ఆ రాళ్ళను కాపాడిన వాటిలో తిమ్మప్ప పేరుకు వాటా ఉందనుకోవడం అతిశయోక్తి కాదు.

నేలమీది ఆకారాన్ని చూసి ఊహించడంలో ఉన్న ప్రమాదం కూడా ఈ ప్రాంతానికి పాత పరిచయమే. కృష్ణా, తుంగభద్రల నడుమా, వాటి పరిసరాల్లోనూ కనిపించే బూడిద దిబ్బలను గురించి పందొమ్మిదో శతాబ్దం నుంచి ఎన్నో ఊహలు సాగాయి. అగ్నిపర్వతపు బూడిద అన్నవారున్నారు, లోహం కరిగించిన కొలిమి అన్నవారున్నారు. హంపి సమీపంలోని నింబాపురం దిబ్బ వాలి దహనస్థలమని జనవిశ్వాసం. పశువుల దొడ్లన్న రాబర్ట్ బ్రూస్ ఫుట్ అభిప్రాయం వాటిలో ఒకటిగా మిగిలిపోయింది. 1957లో ఎఫ్.ఆర్. ఆల్చిన్ నాటి మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో (ఇది ఆదిలాబాదు ఉట్నూరు కాదు) దిబ్బను తవ్వాడు. పేడ మళ్ళీ మళ్ళీ కాలి ఏర్పడిన బూడిద పొరల నడుమ, దొడ్డి చుట్టూ పాతిన గుంజల గుంతలు బయటపడ్డాయి. ఒక పొర మీద ఆవుల గిట్టల అచ్చులు కనబడ్డాయి. క్రీ.పూ. మూడో సహస్రాబ్దిలో అక్కడ ఆవుల మంద నిలబడిందన్నదానికి ఇంతకు మించిన సంతకం ఉండదు. ఏ ఉపగ్రహానికీ అంత చిన్న గుర్తు అందదు.

భారత ఉపగ్రహాల చిత్రాలను అందుకునే జాతీయ దూరసంవేదన కేంద్రపు భూకేంద్రం షాద్‌నగర్‌లో ఉంది. 2016 దాకా అదీ ఈ జిల్లాలోనిదే. ఆకాశం చూపించే ఆకారమూ గిట్టల అచ్చూ ఒకే పాలమూరులో దొరుకుతున్నప్పుడు ఆ రెంటి నడుమ ఉన్న పల్లె పేర్లు మాత్రం నమోదు కాకుండా పోవడం విచారకరం. చేనికి, గట్టుకు, దిబ్బకు, ఒంటి రాతికి ఊరివాళ్ళు వాడే పేర్లు ఇంకా ముసలివాళ్ళ నోట ఉన్నాయి. రెవెన్యూ లెక్కల్లో వాటి స్థానాన్ని సర్వే నంబరు ఆక్రమించింది. తెలుగు శాఖల్లో స్థలనామాల మీద పనిచేసే పరిశోధక విద్యార్థులు ఊరి పేరుతో ఆగకుండా పొలాల పేర్లను కూడా సేకరించి, ప్రతి పేరు పక్కన దాని అక్షాంశ రేఖాంశాలను, చెప్పినవారి వయస్సును, ఆ పేరుకు వారు చెప్పిన కథను రాసుకుంటే, రేపు ఏ చిత్రంలోనో అక్కడొక వింత వలయం కనబడినప్పుడు దానికి కొత్త పేరు పెట్టేముందు తెరిచి చూడడానికి ఒక పట్టిక ఉంటుంది.